పొగ రాని వీధి

నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే, ఊళ్లో బళ్లు వదిలే పొగని లెక్కేస్తానని చెబుతాను. విన్నవాళ్లు వెంటనే నా ముక్కు వంక చూస్తారు. రోడ్డు మీద నిలబడి వాసన పడతాననుకుంటారు కాబోలు. పదకొండేళ్లుగా చల్లటి గదిలో రెండు తెరల ముందు కూర్చుని, ఒక్కసారి కూడా దగ్గకుండా, ఈ నగరం పొగ మొత్తాన్ని గ్రాముల్లో చెప్పినదాన్ని నేను. ఆ మాట చెప్పుకుని మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ మంట ఒక ఫోనుతో మొదలైంది. చేసింది మా పిన్ని. పిన్నికి లాండ్రీ ఉంది. మూడు క్లినిక్కుల దుప్పట్లు, దిండు గలేబులు, డాక్టర్ల తెల్లకోట్లు ఆవిడే ఉతికిస్తుంది. కింద మెషీన్లు, మేడ మీద బట్టలారేసే తీగలు. అమ్మ పోయాక తొమ్మిదో ఏట నుంచి నన్ను పెంచింది ఆవిడే. ఆ మేడ మెట్ల మీద కూర్చునే నేను ఎక్కాలు బట్టీపట్టాను. పిన్ని ఫోనులో కుశలం అడిగే రకం కాదు. క్లినిక్ వాళ్లు దుప్పట్లు తిప్పి పంపారనీ, ఇది నాలుగోసారనీ, ఇంకోసారి ఇలా జరిగితే వేరే లాండ్రీ చూసుకుంటామన్నారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆరు నెలల క్రితం లారీలని ఆవిడ వీధిలోకి మళ్లించారు. అప్పటి నుంచి పొద్దున తెల్లగా ఆరేసిన బట్ట సాయంత్రానికి బూడిద రంగులో దిగుతోందట.

అప్పుడు నేనేం చేశానో దాచకుండా చెప్పాలి. నవ్వాను. అలా అవడానికి వీల్లేదనీ, మా లెక్క ప్రకారం వాళ్ల పేటలో పొగ పద్నాలుగు శాతం తగ్గిందనీ చెప్పాను.

పిన్ని నిదానంగా, "ఆ లెక్కని ఓసారి మా మేడ మీదకి పంపవే. దుప్పట్లు అదే ఉతుకుతుంది" అని ఫోను పెట్టేసింది.

మా పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. నగరం పటాన్ని తెర మీద గీస్తాం. ఒక్కో రోడ్డు ఒక్కో గీత. ఆ గీత మీద గంటకి ఎన్ని బళ్లు వెళతాయి, వాటిలో లారీలెన్ని, బస్సులెన్ని, ఎంత వేగంతో వెళతాయి అన్నది నింపుతాం. ఏ బండి ఎంత వేగంలో ఎంత పొగ వదులుతుందో సాఫ్ట్‌వేరుకి ముందే తెలుసు. గుణించడం, కూడటం దాని వంతు. లారీలని పెద్ద కూడలి నుంచి తప్పించాలని నగర కార్యాలయం వాళ్లు అనుకున్నప్పుడు, దారి కూడా దాన్నే అడిగారు. అన్నిటికంటే తక్కువ పొగ వచ్చే దారి చూపించమంటే అది అర నిమిషంలో చూపించింది. ఆ దారికి బాణం గుర్తుల బోర్డులు పెట్టి ఆరు నెలలు చూద్దామన్నారు. గడువు అయిపోవచ్చింది. బహిరంగ విచారణ ఒకటి పెట్టి, దాన్ని శాశ్వతం చేసేయడమే తరువాయి.

ఆ మధ్యాహ్నం పటం తెరిచి పిన్ని వాళ్ల వీధి మీదకి వెళ్లాను. వీధి లేదు.

పేట మధ్యలో ఒక చుక్క ఉంది. ఆ చుక్క నుంచి రెండు వైపులా ఉన్న రెండు పెద్ద రోడ్లకి రెండు తిన్నటి చుక్కల గీతలు ఉన్నాయి. అంతే. వాటిని మా ఆఫీసులో బొడ్డుతాళ్లు అంటాం. ప్రతి సందూ గొందీ గీస్తూ కూర్చుంటే నగరం ఎప్పటికీ పూర్తవదు కాబట్టి, పేటకో చుక్క పెట్టి, అందులోని బళ్లన్నీ ఆ చుక్కలో పుట్టి తాడు పట్టుకుని పెద్ద రోడ్డెక్కుతాయనుకుంటాం. తాడు నిజం రోడ్డు కాదు. దానికి ఎత్తూ ఉండదు, మలుపూ ఉండదు, పొగ సున్నా. అది తప్పు కాదు, అందరూ చేసే పనే. కానీ ఒక షరతు ఉంది. చుక్కలోంచి బళ్లు పుట్టాలే తప్ప, ఒక తాడు పట్టుకుని లోపలికొచ్చి ఇంకో తాడు పట్టుకుని బయటికి పోకూడదు. పోనివ్వొద్దని చెప్పడానికి చిన్న గడి ఒకటుంటుంది. దాంట్లో టిక్కు పెట్టాలి.

ఆ గడి ఖాళీగా ఉంది.

అర్థమైంది కదా ఏం జరిగిందో? తక్కువ పొగ దారి చూపించమంటే, పాపం, సాఫ్ట్‌వేరు వెతికి వెతికి అసలు పొగే రాని దారి కనిపెట్టింది. రోజుకి నాలుగు వందల లారీలు ఒక తాడు పట్టుకుని చుక్కలోకి దూరి మాయమై, ఇంకో తాడు పట్టుకుని బయటికొస్తున్నాయి. మధ్యలో ఒక్క గ్రాము పొగ లేదు. నేల మీద ఆ రెండు పెద్ద రోడ్లనీ కలిపే వీధి ఒకటే, బోర్డులు దాంట్లోనే పెట్టారు. నగరం మొత్తం మీద అంత శుభ్రమైన వీధి ఇంకోటి లేదు. అది మా పిన్ని వీధి.

ఆ గీత ఎవరు గీశారో చూద్దామని పక్కనున్న వివరాల పట్టీ తెరిచాను. తేదీ తొమ్మిదేళ్ల నాటిది. పేరు నాది.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. పక్క సీటావిడ టీకి పిలిచింది కూడా. పనుందని చెప్పాను. అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని దగ్గరికి వెళ్లాను. వీధి మొదట్లో అడుగు పెడుతూనే తెలిసింది. సరిగ్గా ఇంటి ముందే వీధి మలుపు తిరిగి ఎత్తు ఎక్కుతుంది. ప్రతి లారీ అక్కడ ఆగి, మొదటి గేరు వేసి, ఓ మూలుగు మూలిగి, నల్లటి పొగ ఒక బారు వదిలి కదులుతోంది. మేడ మీద తీగలన్నీ ఖాళీ. మెషీన్ల గదిలోనే, తలుపులు బిడాయించి, ఫ్యాన్ల కింద దుప్పట్లు ఆరేసుకుని ఉంది పిన్ని. ఎప్పటికి ఆరతాయో దేవుడికే తెలియాలి.

తప్పు జరిగిందని చెప్పాను. వాళ్ల వీధి లెక్కలోకి రాలేదని కూడా చెప్పాను. అయితే ఎవరి తప్పని అడిగింది. నోటిదాకా వచ్చింది నిజం. వచ్చి ఆగిపోయింది.

"సాఫ్ట్‌వేరుది పిన్నీ" అన్నాను.

నా నోరు పడిపోను, ఎంత సులువుగా అన్నానో. పిన్ని నమ్మింది. నేను చెబితే నమ్మకుండా ఎప్పుడుంది కనుక? ఇక అప్పటి నుంచి లారీ మూలిగినప్పుడల్లా ఆ సాఫ్ట్‌వేరుకి శాపనార్థాలే. దాన్ని తయారుచేసినవాడి చేతులు పడిపోవాలనీ, వాడి దుప్పటికి ఎప్పటికీ మురికి వదలకూడదనీ తిట్టిపోస్తుంటే నేను పక్కనే నిలబడి తలూపుతూ ఉన్నాను. లారీలు పోతే చాలు, గీత ఎవరిదైతే ఏంటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లెక్క మార్చాలంటే ముందు కొత్త అంకెలు కావాలి. అందుకని క్లిక్కర్ గారిని బతిమాలాను. ఆయన మా ఆఫీసులో అందరికంటే పాత సర్వేయరు. ముప్పై ఏళ్లుగా రోడ్డు పక్కన కూర్చుని, రెండు చేతుల్లో, నొక్కితే అంకె పెరిగే రెండు క్లిక్కర్లు పట్టుకుని బళ్లు లెక్కపెట్టిన మనిషి. ఎడం చేతికి లారీలు, కుడి చేతికి మిగతావి. బస్సులో ఊరికే కూర్చున్నా ఆయన బొటనవేళ్లు ఆగవు. సెలవు పెట్టి రమ్మంటే ఎందుకని కూడా అడగలేదు, గొడుగూ నీళ్లసీసా తెచ్చుకుని వచ్చేశాడు.

మూడు రోజులు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, పిన్ని గుమ్మంలో కూర్చున్నాం. నేను వాచీ పట్టుకుని వేగం రాసుకున్నాను. పిన్ని మాత్రం పక్కన కుర్చీ వేసుకుని, పది లారీలకో బట్టల క్లిప్పు చొప్పున గుమ్మానికి కట్టిన తీగకి తగిలిస్తూ తన లెక్క తను చేసుకుంది. ఆయన లెక్క మీద నమ్మకం లేక కాదట, ఊరికే చేతులు ముడుచుకుని కూర్చోలేకట. మొదటి రోజు ఇద్దరికీ రెండు లారీల తేడా వచ్చింది. తనకి తేడా రావడం ముప్పై ఏళ్లలో లేదని క్లిక్కర్ గారు బిగుసుకున్నాడు. మధ్యాహ్నం ఆయన టీ తాగుతూ తల తిప్పినప్పుడు రెండు పోయాయని పిన్ని టైముతో సహా చెప్పింది. ఆయన పెద్దమనిషి, ఒప్పుకున్నాడు. కాగితం మీద కొట్టేసి నాలుగు వందల పద్దెనిమిది అని రాశాడు. ఆ తర్వాత పిన్ని కప్పు అందిస్తే, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే టీ తాగడం నేర్చుకున్నాడు.

రెండో రోజు పిన్ని లోపలికి వెళ్లినప్పుడు ఆయన నన్ను అడిగాడు. ఇంతకీ ఆ గీత ఎవరు గీశారని. నేనేనని చెప్పాను. ఆవిడకి తెలుసా అన్నాడు. తెలియదన్నాను. పిన్ని బయటికొచ్చి మళ్లీ సాఫ్ట్‌వేరుని తిట్టడం మొదలుపెట్టగానే, ఆయన ఒక్క బండి కూడా లేని రోడ్డు వంక తదేకంగా చూస్తూ కూర్చున్నాడు. ఆ మనిషి అబద్ధాన్ని అలా తప్పించుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఆఫీసుకెళ్లి బొడ్డుతాళ్లు తెంపేశాను. వాటి చోట అసలు వీధిని గీశాను, మలుపూ ఎత్తూ అన్నీ వేసి. గంటకి ఎనిమిది కిలోమీటర్ల వేగం, మేం లెక్కపెట్టిన లారీలు, గడిలో టిక్కు. లెక్క నడిపించాను. పేటలో పొగ పద్నాలుగు శాతం తగ్గలేదు, ఆరు శాతం పెరిగింది. ఆ ఒక్క వీధిలో అయితే మునుపటికి పంతొమ్మిది రెట్లు. పొరపాటేమోనని మూడుసార్లు నడిపించాను. మూడుసార్లూ అదే వచ్చింది.

ఆ కాగితాలు పట్టుకుని మా డైరెక్టర్ గదికి వెళ్లి, అది మా పిన్ని వీధని కూడా చెప్పాను. ఆయన్ని వెనకాల పరిధి గారంటాం. ఏం అడిగినా 'అది మన పరిధిలోకి రాదు' అనడం ఆయన ఊతపదం. ఒకసారి ఆఫీసులో కుళాయి కారుతుంటే కూడా అదే అన్నాడు. మంచివాడే, గొంతు పెంచడు, కూర్చోమంటాడు, కాగితాలు చివరిదాకా చదువుతాడు. చదివాడు. నా పని మెచ్చుకున్నాడు. మూడో తరగతి వరకు ఉన్న పెద్ద రోడ్లనే లెక్కించాలని ఒప్పందంలో ఉందనీ, ఈ వీధి ఐదో తరగతిదనీ, కాబట్టి ఇది మన పరిధిలోకి రాదనీ అన్నాడు. కావాలంటే విచారణకిచ్చే నివేదిక అనుబంధంలో, నలభై ఏడో పేజీలో, చిన్న అక్షరాల్లో ఒక మాట వేద్దామన్నాడు.

"లెక్కలోకి రాని వీధిలోకి లారీలు ఎలా వచ్చాయి సార్?" అన్నాను.

కాగితాలు సర్ది నావైపు తోశాడు. ఆ నివేదిక మీద సంతకం పెట్టనని చెప్పాను. పెట్టకపోతే తనే పెడతానన్నాడు. విచారణకి వచ్చి బుద్ధిగా కూర్చుంటే చాలట. అప్పుడు నావైపు కాస్త వంగి, మెత్తగా, నా మంచి కోరుతున్నట్టే అసలు మాట బయటపెట్టాడు.

"నోరు విప్పితే బయటపడేది కంపెనీ తప్పు కాదమ్మా, మీ తప్పు. ఫైలు మీద మీ పేరుంది. ఈ రంగంలో మళ్లీ మిమ్మల్ని ఎవరు నమ్ముతారు?"

ఒళ్లు భగ్గుమంది. బెదిరించినందుకు కాదు. ఆయన పట్టుకున్నది సరిగ్గా నేను పిన్ని దగ్గర దాచిన దాన్నే. దాచినదేదైనా ఎవడో ఒకడు తాడులా మన మెడకే వేస్తాడు. నా పేరు నేనే చెప్పుకుంటాను, మీకా శ్రమ వద్దు అని లేచొచ్చేశాను. అనడమైతే అన్నాను. కానీ ఆ సాయంత్రం పిన్నికి ఫోను చేసి కూడా దుప్పట్లెలా ఉన్నాయని అడిగి పెట్టేశాను. డైరెక్టర్ని ఎదిరించడం నాకు మంచినీళ్లు తాగినంత తేలికైంది. పిన్నికి నిజం చెప్పడం మాత్రం చేతకాలేదు.

విచారణ నగర కార్యాలయం పై అంతస్తులో, పొడుగాటి హాల్లో జరిగింది. ముందు వరసలో మా కంపెనీవాళ్లం. వెనక లారీలు వెళ్లే దారి పొడుగునా ఉన్నవాళ్లు, ఓ వంద మంది. వేదిక మీద అధ్యక్షురాలు, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎవరి మాటకీ తలూపకుండా రాసుకుంటూ పోయే మనిషి. నివాసులకి తలా మూడు నిమిషాలు. లారీల సంఘం వాళ్లు మాట్లాడారు, కూడలి దుకాణాలవాళ్లు లారీలు పోయి హాయిగా ఉందన్నారు. పిన్ని వంతు వచ్చింది. సంచిలోంచి ఒక దుప్పటి తీసి రెండు చేతులా విప్పి పట్టుకుంది. ఇది నిన్న ఉతికిందని, ఒక్క పూట మేడ మీద ఉందని, అంతేనని చెప్పి కూర్చుంది. ఒకటిన్నర నిమిషం మిగిలిపోయింది.

మా డైరెక్టర్ లేచాడు. తెర మీద పద్నాలుగు శాతం అని పెద్ద పచ్చ అంకె. పిన్ని వైపు తిరిగి చేతులు జోడించినంత పని చేశాడు.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇది కంటితో చూసి చెప్పేది కాదు, శాస్త్రం. పైగా ఈ లెక్క కట్టింది ఎవరో కాదు, మీ అమ్మాయే."

హాలంతా నావైపు తిరిగింది. పిన్ని కూడా. నన్ను అడ్డం పెట్టుకుని ఆవిడ నోరు మూయించబోయాడు ఆ పెద్దమనిషి. ఇంక నేను కూర్చోలేదు.

సంతకం నాది కాకపోయినా లెక్క నాదేననీ, జవాబు చెప్పే హక్కు నాకుందనీ అన్నాను. కూర్చోమని డైరెక్టర్ చెయ్యి ఊపాడు. అధ్యక్షురాలు కళ్లజోడు పైకి తోసి, చెప్పమంది. చుక్క గురించి చెప్పాను, తాళ్ల గురించి, ఖాళీ గడి గురించి. మూడు రోజుల లెక్క, క్లిక్కర్ గారి సంతకంతో ఉన్న కాగితాలు, తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ తిరగేసి, పిన్ని వీధిని లారీల కోసం ఎవరు ఎంచుకున్నారని అడిగింది.

"సాఫ్ట్‌వేరండి."

"ఆ వీధినే ఎందుకు?"

వెనక్కి చూడకుండా ఉండాలనుకున్నాను. కుదరలేదు. పిన్ని ఒళ్లో దుప్పటి మడత పెట్టుకుని నన్నే చూస్తోంది, చిన్నప్పుడు నేను పాఠం అప్పజెబుతుంటే చూసినట్టు.

"అక్కడ పొగ రాదని దానికి నేనే చెప్పాను కాబట్టి. అది తప్పు చెయ్యలేదండి. నేను చెప్పింది నమ్మింది. గీత నాది, టిక్కు పెట్టనిదీ నేనే."

పిన్ని కళ్లు దించేసుకుంది. దుప్పటి మడత మళ్లీ విప్పి, మళ్లీ పెట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను. మా డైరెక్టర్ ఇది వ్యక్తిగత పొరపాటనీ, కంపెనీకి సంబంధం లేదనీ గబగబా అందుకున్నాడు. అధ్యక్షురాలు ఆయన్ని ఆపి, ఇలాంటి తాళ్లు పటంలో ఇంకెన్ని ఉన్నాయని నన్నడిగింది. అది నేను ముందురోజే చూసుకున్నాను.

"ఆరువందల పదకొండు."

హాల్లో కలకలం లేచింది. మూడో వరసలో ఒక డ్రైవరు లేచి, చేపల మార్కెట్టు వెనక సందు ఉందా అని అడిగాడు. ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. లేదన్నాను. బడి పక్క వీధి ఉందా అని ఒక టీచరు. లేదు. పాత మిల్లు క్వార్టర్లు? లేవు. ఒక్కొక్కరే లేచి అడుగుతున్నారు, నేను వెతికి లేదంటున్నాను. ఇరవై ముప్పై వీధులు అలా చెప్పాను. వాళ్లు తిట్టి ఉంటే బాగుండేది, ఎవరూ తిట్టలేదు. లేదు అన్నాక కూర్చుంటున్నారు, ఇంకొకరు లేస్తున్నారు.

చివరికి అధ్యక్షురాలే ఆపింది. సోమవారం నుంచి లారీలు పాత దారినే వెళ్లాలనీ, వీధులన్నీ లెక్కలోకి వచ్చేదాకా ఎటూ మళ్లించకూడదనీ రాయించింది. లెక్కించడం తమ పరిధిలోకి రాదని మా డైరెక్టర్ అలవాటుగా అనేశాడు. నగరం దగ్గర మనుషుల్లేరని ఆవిడ పక్కనున్న అధికారి అన్నాడు. ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఎవరు లెక్కపెట్టి తెచ్చినా తీసుకుంటామని కూడా రాయించి లేచిపోయింది.

వరండాలోకి రాగానే డైరెక్టర్ చెయ్యి చాచాడు. మెళ్లోంచి ఆఫీసు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. ఎల్లుండి అడిగినా రానని చెప్పాను. ఆ మాటకి, వెనకే వచ్చిన క్లిక్కర్ గారు గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

పిన్ని కింద మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. లారీలు పోతున్నాయన్న సంతోషం ఆ మొహంలో నేను వెతుక్కున్నాను. కనబడలేదు.

"ఎప్పుడు గీశావా గీత?" అంది.

"తొమ్మిదేళ్లయింది పిన్నీ."

"అప్పుడు నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు." వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నట్టు నిదానంగా మాట్లాడింది. "పొద్దున ఆ వీధిలోంచే నడిచి ఆఫీసుకెళ్లేదానివి. సాయంత్రం ఆ వీధిలోంచే నడిచి ఇంటికొచ్చేదానివి. మధ్యలో కూర్చుని అక్కడేమీ లేదని రాశావు."

పటాలు అలాగే గీస్తారని చెప్పొచ్చు. అందరూ అంతేనని చెప్పొచ్చు. ఆవిడ దగ్గర ఆ మాటలు చెల్లవు. ఔనన్నాను.

"ఈ నెలంతా నేను ఆ సాఫ్ట్‌వేరుని తిడుతుంటే వింటూ ఊరుకున్నావు."

"ఔను పిన్నీ. తప్పే. నీకు చెప్పడానికి భయమేసింది. ఇంకెవరికీ భయపడలేదు."

ఆవిడ దుప్పటి సంచిలో కుక్కి లేచి నిలబడింది. మెట్లు దిగుతూ, ఆరువందల వీధులూ ఎవరు లెక్కపెడతారని అడిగింది. నేనే అన్నాను. కార్డు లాక్కున్నారు కదా అంది. రోడ్డు పక్కన కూర్చుని లారీలు లెక్కపెట్టడానికి ఎవడి కార్డూ అక్కర్లేదన్నాను. క్లిక్కర్ గారు ఆదివారాలు వస్తానన్నారని, ఇంకో సాక్షి దొరికితే చాలని, పదేళ్లు పట్టినా సరే ఒక్కో తాడూ తెంపి వీధి గీస్తానని చెబుతూ వెనకాలే దిగాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

గేటు దగ్గర ఆగింది. అడగకూడదని తెలుసు, అయినా నోరు ఊరుకోలేదు.

"నా మీద కోపం పోయిందా పిన్నీ?"

"పోలేదు. ఎందుకు పోతుంది?" అంది. సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "రెండో సాక్షి కావాలన్నావుగా. మొదటి వీధి ఏదో చెప్పు."